చిన్న విమానాల్లో ఇంధన మిశ్రమం, ఇంజిన్ శక్తి: ఎర్రమీట వెనుక ఉన్న భౌతికశాస్త్రం

వ్యాససంగ్రహం

పిస్టన్ ఇంజిన్‌తో ఎగిరే చిన్న విమానాల్లో గాలి, పెట్రోలు కలిసే పాళ్లను నేటికీ పైలట్ తన చేతితోనే సరిచేస్తాడు. ఎత్తు పెరిగేకొద్దీ మిశ్రమం దానంతట అదే చిక్కబడుతుంది. దానిని పలుచన చేయకపోతే శక్తి తగ్గుతుంది, ఇంధనం వృథా అవుతుంది. తప్పు సమయంలో పలుచన చేస్తే సిలిండర్లు దెబ్బతింటాయి. మిశ్రమం చిక్కగా ఉన్నప్పుడు శక్తిని గాలి నిర్ణయిస్తుందని, పలుచగా ఉన్నప్పుడు ఇంధనం నిర్ణయిస్తుందని గ్రహిస్తే ఈ విషయంలోని చిక్కులు చాలావరకు విడిపోతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కార్బ్యురేటర్ పనితీరు, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతకూ సిలిండర్ తల ఉష్ణోగ్రతకూ ఉన్న తేడా, డిటోనేషన్, ఎత్తైన లేదా వేడి ప్రదేశాల నుంచి టేకాఫ్, సీసం కలిసిన ఇంధనం భవిష్యత్తు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ఇంధన మిశ్రమం, కార్బ్యురేటర్, సాంద్రతా ఎత్తు, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, డిటోనేషన్, అశ్వశక్తి, సీసం కలిసిన పెట్రోలు.

1. కారులో లేని మీట

సెస్నా 172 వంటి నాలుగు సీట్ల శిక్షణ విమానంలో పైలట్ ముందున్న పలకపై నల్లని గుబ్బ ఒకటి, ఎర్రని గుబ్బ ఒకటి కనిపిస్తాయి. నల్లనిది థ్రాటిల్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి అది తలుపు. ఎర్రనిది మిశ్రమాన్ని మార్చేది. ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని మార్చే వీలున్న విమానాల్లో వీటి మధ్య నీలిరంగు మీట ఒకటి అదనంగా ఉంటుంది. ఎర్రమీటను పూర్తిగా లోనికి నెడితే ఇంధనం గరిష్ఠంగా అందుతుంది. బయటికి లాగేకొద్దీ ఇంధనం తగ్గి, చివరకు పూర్తిగా ఆగిపోతుంది. ఈ ఇంజిన్లను ఆపే పద్ధతి కూడా ఇదే. తాళంచెవి తిప్పి ఆపితే సిలిండర్లలో కాలని ఇంధనం మిగులుతుంది. జ్వలన వలయంలో ఎక్కడైనా లోపముంటే, తరువాత ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేతితో కదిపినప్పుడు అది హఠాత్తుగా తిరగవచ్చు. ఇంధనం కట్టి ఆపితే కాలడానికి లోపల ఏమీ మిగలదు.

తెలుగులో ఈ విషయం మాట్లాడేటప్పుడు 'చిక్కని మిశ్రమం', 'పలుచని మిశ్రమం' అనే మాటలు సహజంగా అమరుతాయి. అయితే ఒక భేదం గమనించాలి. మజ్జిగను పలుచన చేయాలంటే నీళ్లు పోస్తాం. ఇక్కడ పలుచన చేయడమంటే గాలిని చేర్చడం కాదు, ఇంధనాన్ని తగ్గించడం. ఎర్రమీట గాలిని ముట్టుకోదు. ఈ చిన్న విషయం తరువాతి చర్చకంతటికీ ఆధారం.

కార్లలో ఈ మీట ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. కారులో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్, ఎలక్ట్రానిక్ నియంత్రకం కలిసి మిశ్రమాన్ని క్షణక్షణం సరిచేస్తాయి. పైగా కారు కొద్ది నిమిషాల్లో ఎనిమిది వేల అడుగుల ఎత్తు ఎక్కదు. చిన్న విమానాల ఇంజిన్లలో అత్యధికం లైకమింగ్, కాంటినెంటల్ సంస్థలవి. గాలితో చల్లబడే, సిలిండర్లు ఎదురెదురుగా అడ్డంగా అమర్చిన ఈ ఇంజిన్ల మౌలిక రూపం ఇరవయ్యో శతాబ్దం మధ్య భాగానికే స్థిరపడింది. వాటి జ్వలన సమయం కూడా చాలావరకు స్థిరమే. మాగ్నెటో అనే స్వయం విద్యుదుత్పాదక యంత్రం, పిస్టన్ పైకొసకు చేరడానికి ఇరవై నుంచి ఇరవై అయిదు డిగ్రీల ముందే నిప్పురవ్వ వేస్తుంది. మిశ్రమం ఎలా ఉన్నా, వేగం ఎంతైనా ఆ రవ్వ ఆ కోణం వద్దే పడుతుంది. దాని పర్యవసానాలు మూడో భాగంలో వస్తాయి.

2. ఎత్తు పెరిగితే మిశ్రమం ఎందుకు చిక్కబడుతుంది

పెట్రోలులోని ప్రతి అణువూ, గాలిలోని ఆక్సిజన్ అంతా మిగులు లేకుండా కలిసి కాలాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. దీనిని రసాయన తుల్యతా నిష్పత్తి అనవచ్చు. గరిష్ఠ శక్తి మాత్రం దీనికంటే చిక్కని మిశ్రమంతో, సుమారు 12.5 పాళ్ల వద్ద లభిస్తుంది. ఇంధనం కొంత ఎక్కువగా ఉంటే లోపలికి వచ్చిన ఆక్సిజన్‌లో ఏదీ వాడకుండా పోదు. ఇంధనానికి తగిన గరిష్ఠ ప్రతిఫలం కావాలంటే మిశ్రమం తుల్యతకు ఆవలివైపు, సుమారు 16 పాళ్ల ప్రాంతంలో ఉండాలి. అప్పుడు ఇంధనంలో ఏదీ కాలకుండా పోదు. ఇక సముద్రమట్టం వద్ద ఎర్రమీటను పూర్తిగా లోనికి నెడితే వచ్చే మిశ్రమం గరిష్ఠ శక్తికి కావలసినదానికంటే కూడా చిక్కగా ఉండేలా తయారీదారులు ముందే అమరుస్తారు. టేకాఫ్‌లో పూర్తి శక్తితో పనిచేసే సిలిండర్లు అతిగా వేడెక్కకుండా, డిటోనేషన్‌కు దూరంగా ఉండేందుకే ఈ ఏర్పాటు.

కార్బ్యురేటర్ గాలి బరువును కొలిచే పరికరం కాదు. ఒక ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగినప్పుడు అక్కడి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలే ఇంధనాన్ని సన్నని రంధ్రం గుండా పైకి లాగుతుంది. పీడనంలో తగ్గుదల గాలి సాంద్రతకూ, వేగపు వర్గానికీ అనులోమంగా ఉంటుంది. ఇంధన ప్రవాహమేమో ఆ తగ్గుదల వర్గమూలాన్ని అనుసరిస్తుంది. కనుక ఒకే వేగంతో గాలి పోతున్నప్పుడు ఇంధనం సాంద్రత వర్గమూలం మేరకే తగ్గుతుంది. గాలి ద్రవ్యరాశి మాత్రం సాంద్రత తగ్గినంతా తగ్గుతుంది. గాలి తగ్గినంతగా ఇంధనం తగ్గకపోవడమే మిశ్రమం చిక్కబడటానికి కారణం.

ఈ లెక్కను అంకెల్లో చూడవచ్చు. ప్రామాణిక వాతావరణంలో 5,000 అడుగుల వద్ద గాలి సాంద్రత సముద్రమట్టపు సాంద్రతలో 86 శాతం. 10,000 అడుగుల వద్ద 74 శాతం. మొదటి ఎత్తులో మిశ్రమం సుమారు 8 శాతం, రెండో ఎత్తులో సుమారు 16 శాతం చిక్కబడుతుంది. నేల మీద 11 పాళ్ల గాలితో ఉన్న మిశ్రమం పదివేల అడుగుల వద్ద తొమ్మిదిన్నర పాళ్లకు చేరుతుందన్నమాట. ఎనిమిది పాళ్ల ప్రాంతంలో మిశ్రమం అసలు సవ్యంగా మండదు. ఆ హద్దుకు చేరువయ్యేకొద్దీ ఇంజిన్ వణుకుతుంది, శక్తి పడిపోతుంది, స్పార్క్ ప్లగ్గులపై మసి పేరుకుంటుంది.

దీనికి తిరగబడ్డ ప్రమాదం విమానం దిగేటప్పుడు ఎదురవుతుంది. ఎనిమిది వేల అడుగుల వద్ద చక్కగా సరిచేసిన మిశ్రమాన్ని అలాగే వదిలేసి వెయ్యి అడుగులకు దిగితే గాలి దట్టమవుతుంది. మిశ్రమం దాదాపు పది శాతం పలుచబడుతుంది. అంతకు ముందే పలుచని అంచున ఉన్న ఇంజిన్ దిగువకు వచ్చి, థ్రాటిల్ తెరిచిన క్షణంలో తడబడవచ్చు. దిగే ముందు మిశ్రమాన్ని చిక్కబరచాలని శిక్షకులు పదే పదే చెప్పేది ఇందుకే.

కార్బ్యురేటర్ గొంతులో మంచు పేరుకోవడం కూడా మిశ్రమాన్ని మార్చివేసే మరో కారణం. ఇంధనం ఆవిరి కావడం వల్ల, పీడనం తగ్గడం వల్ల అక్కడి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. ఇది చలిదేశాల సమస్య అనుకోవడం పొరపాటు. బయట 21 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడి, 80 శాతానికి మించిన తేమ ఉన్నప్పుడు దీని అవకాశం అత్యధికమని అమెరికా పౌర విమానయాన సంస్థ కరదీపిక చెబుతుంది. 38 డిగ్రీల వేడిలో, 50 శాతం తేమలో కూడా ఇది సాధ్యమేనని అదే గ్రంథం హెచ్చరిస్తుంది. ఆ లెక్కన కోస్తా తీరపు వాతావరణం సంవత్సరంలో చాలాకాలం ఈ పరిధిలోనే ఉంటుంది. మంచును కరిగించడానికి కార్బ్యురేటర్‌లోకి వేడిగాలిని పంపుతారు. వేడిగాలి సాంద్రత తక్కువ కనుక మిశ్రమం మళ్లీ చిక్కబడుతుంది. వేడిగాలిని చాలాసేపు వాడవలసి వస్తే ఎర్రమీటను మళ్లీ సరిచేయక తప్పదు.

3. రెండు ఉష్ణోగ్రతలు, రెండు అర్థాలు

రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ ఉన్న విమానంలో మిశ్రమాన్ని సరిచేయడానికి ప్రత్యేక పరికరం అవసరం లేదు. ఎర్రమీటను నెమ్మదిగా బయటికి లాగుతుంటే ఇంజిన్ వేగం మొదట కొద్దిగా పెరుగుతుంది. ఆపై తగ్గుతుంది, ఇంజిన్ గరుకుగా మారుతుంది. అక్కడి నుంచి మీటను కొంచెం లోనికి నెట్టి, నడక నున్నబడిన చోట ఆపుతారు. కోణం తానే మార్చుకునే ప్రొపెల్లర్ ఉన్నప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. శక్తి పెరిగినా తగ్గినా ప్రొపెల్లర్ వేగాన్ని ఒకేచోట నిలుపుతుంది. అప్పుడు ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను గానీ, ఇంధన ప్రవాహాన్ని గానీ చూడాలి.

మిశ్రమాన్ని పలుచన చేస్తూ పోతే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరిగి, తుల్యతా నిష్పత్తి సమీపంలో ఒక శిఖరాన్ని అందుకొని, తరువాత పడిపోతుంది. ఈ శిఖరమే కొలమానం. గరిష్ఠ శక్తి శిఖరానికి చిక్కనివైపు సుమారు 100 ఫారెన్‌హీట్ డిగ్రీల దూరంలో, అంటే 55 సెల్సియస్ డిగ్రీల తేడాతో ఉంటుంది. గరిష్ఠ పొదుపు శిఖరానికి పలుచనివైపు 25 నుంచి 50 ఫారెన్‌హీట్ డిగ్రీల దూరంలో దొరుకుతుంది. శిఖరం ఎన్ని డిగ్రీల వద్ద వచ్చిందన్నది ముఖ్యం కాదు. సెన్సర్‌ను గొట్టంలో ఒక అంగుళం ఇటు అటు అమర్చినా ఆ అంకె మారిపోతుంది. శిఖరం నుంచి ఎంత దూరంలో, ఏ వైపు ఉన్నామన్నదే అర్థవంతమైన ప్రశ్న.

సిలిండర్ తల ఉష్ణోగ్రత వేరే కథ చెబుతుంది. ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత బయటికి పోయే వాయువులు ఎంత వేడిగా ఉన్నాయో తెలుపుతుంది. సిలిండర్ తల ఉష్ణోగ్రత లోపలి పీడనం ఎంత తీవ్రమో, ఎంతసేపు నిలిచిందో పరోక్షంగా తెలుపుతుంది. ఇది శిఖరం వద్ద కాక, చిక్కనివైపు 25 నుంచి 50 ఫారెన్‌హీట్ డిగ్రీల ప్రాంతంలో గరిష్ఠమవుతుంది. ఆ మిశ్రమం అత్యంత వేగంగా కాలుతుంది. జ్వలన సమయం స్థిరం కనుక, మంట త్వరగా వ్యాపిస్తే గరిష్ఠ పీడనం పిస్టన్ ఇంకా పైకొసకు దగ్గరగా ఉన్నప్పుడే వస్తుంది. ఇరుకు స్థలంలో పీడనం మరింత ఎగబాకుతుంది. మిశ్రమం బాగా చిక్కబడినా, బాగా పలుచబడినా మంట నెమ్మదిస్తుంది. గరిష్ఠ పీడనం ఆలస్యంగా, పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు వస్తుంది. సిలిండర్ చల్లగా ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రచలిత భావనను పరిశీలించాలి. 'పలుచని మిశ్రమం ఇంజిన్‌ను కాల్చివేస్తుంది' అన్న మాట శిక్షణకేంద్రాల్లో తరచూ వినిపిస్తుంది. అందులో సగం నిజముంది. పూర్తిగా చిక్కగా ఉన్న స్థితి నుంచి కొద్దిగా పలుచన చేసి ఆపితే సిలిండర్ అత్యంత వేడెక్కే స్థానంలోనే ఆపినట్లవుతుంది. అక్కడ ఇంజిన్‌ను బాధించేది ఇంధనం తగినంత తగ్గించకపోవడమే. అదే మీటను ఇంకొంత లాగి శిఖరం దాటిస్తే సిలిండర్ చల్లబడుతుంది. మధ్యలో ఆపిన పైలట్ అనుభవాన్ని, దాటించిన పైలట్‌కు కూడా వర్తింపజేయడం వల్లనే ఈ వాదం దశాబ్దాలపాటు తెగలేదు.

సిలిండర్ తల ఉష్ణోగ్రతకు లైకమింగ్ ఇంజిన్లలో 500, కాంటినెంటల్ ఇంజిన్లలో 460 ఫారెన్‌హీట్ డిగ్రీలు సాధారణ హద్దులు. సిలిండర్ తల అల్యూమినియం మిశ్రలోహం. వేడి పెరిగేకొద్దీ దాని బలం క్షీణిస్తుంది. 400 డిగ్రీలకు, అంటే 204 సెల్సియస్‌కు లోబడి ఉంచడం మంచిదని అనుభవజ్ఞులైన మెకానిక్‌లు కోరుకుంటారు. హద్దు చేరేదాకా నిశ్చింతగా ఉండవచ్చునన్న అర్థంలో తయారీదారు అంకెను చదవకూడదు.

4. శక్తిని నిర్ణయించేది గాలా, ఇంధనమా

మిశ్రమం తుల్యత కంటే చిక్కగా ఉన్నంతవరకు ఇంధనం అవసరానికి మించి ఉంటుంది, కొరత ఆక్సిజన్‌దే. అప్పుడు శక్తిని తెలుసుకోవాలంటే ఎంత గాలి లోపలికి వెళ్తోందో చూడాలి. మానిఫోల్డ్ పీడనం, ఇంజిన్ వేగం కలిసి దానిని తెలుపుతాయి. ఇంకా ఇంధనం పోస్తే శక్తి పెరగదు. అది కాలకుండానే బయటికి పోతుంది. తుల్యతకు పలుచనివైపు పరిస్థితి తలకిందులవుతుంది. గాలి మిగులుతుంది, ఇంధనమంతా కాలిపోతుంది. అప్పుడు శక్తి ఇంధన ప్రవాహానికి దాదాపు నేరుగా అనులోమంగా ఉంటుంది. 8.5 సంపీడన నిష్పత్తి ఉన్న ఇంజిన్‌లో గంటకు ఒక అమెరికన్ గాలన్ ఇంధనం సుమారు 14.9 అశ్వశక్తిని ఇస్తుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క.

180 అశ్వశక్తి గల సెస్నా 172ఎస్ ఇంజిన్ సంపీడన నిష్పత్తి 8.5. పలుచనివైపు గంటకు 8 గాలన్లు, అంటే సుమారు 30 లీటర్లు ఖర్చవుతుంటే అది 119 అశ్వశక్తిని, అంటే పూర్తి శక్తిలో 66 శాతాన్ని ఇస్తోందని చెప్పవచ్చు. పలుచనివైపు ఉన్నంతకాలం మానిఫోల్డ్ పీడనాన్ని చూడకుండానే ఈ అంచనా కట్టవచ్చు.

దీనివల్ల రెండు ఆచరణాత్మక ఫలితాలు వస్తాయి. థ్రాటిల్ కదపకుండా మిశ్రమాన్ని శిఖరం దాటించి పలుచన చేస్తే శక్తి తగ్గుతుంది. దిగువ ఎత్తుల్లో థ్రాటిల్ ఇంకా తెరిచి ఆ లోటును పూడ్చుకోవచ్చు. ఎనిమిది వేల అడుగుల వద్ద మాత్రం, టర్బో సహాయం లేని ఇంజిన్ థ్రాటిల్ పూర్తిగా తెరిచినా సుమారు 75 శాతమే ఇస్తుంది. పూడ్చుకోవడానికి మిగిలిందేమీ ఉండదు. అయినా నష్టం భయపడినంత పెద్దది కాదు. సమతల ప్రయాణంలో వేగం సుమారుగా శక్తి ఘనమూలాన్ని అనుసరిస్తుంది. శక్తి పది శాతం తగ్గితే వేగం మూడున్నర శాతమే తగ్గుతుంది. ఇంధనంలో ఆదా దానికంటే చాలా ఎక్కువ.

రెండోది భద్రతకు సంబంధించింది. విమానం చోదకగ్రంథంలోని ప్రయాణ దూరపు పట్టికలు మిశ్రమాన్ని సిఫారసు చేసిన మేరకు పలుచన చేశారన్న షరతు మీదనే తయారవుతాయి. పైలట్ భయంతోనో అలవాటుతోనో మీటను పూర్తిగా లోనే ఉంచితే, పట్టికలోని గంటలు అతని ట్యాంకుకు వర్తించవు. ఇంధనం ఉందనుకున్న చోట ఇంజిన్ ఆగుతుంది. ఇంజిన్‌ను కాపాడటానికి చేసిన అతిజాగ్రత్త ఆ విధంగా ఇంజినే లేని స్థితికి దారితీయగలదు.

5. లిండ్‌బర్గ్ పాఠం

దీర్ఘదూర ప్రయాణాల చరిత్ర ఈ మీటతో ముడిపడి ఉంది. 1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలకు పైగా ఒంటరిగా ఎగిరాడు. రైట్ వర్ల్‌విండ్ ఇంజిన్ ఉన్న ఆ విమానం బయలుదేరేటప్పుడు సుమారు 450 గాలన్ల ఇంధనం మోసింది. దిగేసరికి 85 గాలన్ల దాకా మిగిలింది. మిశ్రమాన్ని జాగ్రత్తగా పలుచన చేయడం ఆ మిగులుకు ఒక కారణం.

అంతకంటే ఆసక్తికరమైనది 1944 నాటి ఘట్టం. పసిఫిక్ యుద్ధరంగంలో పి-38 యుద్ధవిమానాల పైలట్లతో కలిసి ఎగిరినప్పుడు లిండ్‌బర్గ్ వారికంటే ఎక్కువ ఇంధనంతో తిరిగి వస్తుండేవాడు. ఇంజిన్ వేగాన్ని తగ్గించి, మానిఫోల్డ్ పీడనాన్ని కొంత పెంచి, మిశ్రమాన్ని పలుచని స్థానంలో ఉంచడమే అతని పద్ధతి. తక్కువ వేగంతో ఎక్కువ పీడనం ఇంజిన్‌ను పగలగొడుతుందని యువ పైలట్లు సందేహించారు. ఒక్కో చుట్టుకు జరిగే ఘర్షణ నష్టం తగ్గడం, నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో దహనానికి ఎక్కువ వ్యవధి దొరకడం ఈ పద్ధతిలోని మర్మాలు. ఆ దళాల యుద్ధపరిధి చెప్పుకోదగినంతగా పెరిగింది.

యుద్ధానంతరం పెద్ద పిస్టన్ ఇంజిన్లతో సముద్రాలు దాటిన ప్రయాణిక విమానాల్లో ఫ్లైట్ ఇంజనీర్లు కూడా శిఖరానికి పలుచనివైపే ఇంజిన్లను నడిపేవారు. టార్క్‌మీటర్ అంకె నిర్ణీత శాతం పడిపోయేదాకా మిశ్రమాన్ని తగ్గించడం వారి నిత్యపద్ధతి. జెట్‌లు వచ్చాక ఆ జ్ఞానం ఆ ఇంజనీర్లతోపాటే తెరమరుగైంది. చిన్న విమానాల వారసత్వంలోకి అది పూర్తిగా రాలేదు.

రాకపోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. నాలుగు లేదా ఆరు సిలిండర్లకు మిశ్రమం సమానంగా అందితేనే శిఖరం దాటి నడపడం సాధ్యం. ఒక సిలిండర్ శిఖరానికి అవతల, మరొకటి ఇవతల ఉంటే రెండూ వేర్వేరు శక్తులిస్తాయి; ఇంజిన్ వణుకుతుంది. పైలట్ దానిని మిశ్రమం దోషమనుకుంటాడు. నిజానికి అది పంపిణీ దోషం. కార్బ్యురేటర్ ఇంజిన్లలో పొడవు, వంపు వేరైన గొట్టాల వల్ల ఈ అసమానత సహజం. ఇంజెక్షన్ ఇంజిన్లలో కూడా, వాల్వు మూసి ఉన్నప్పుడు చిమ్మిన ఇంధనంలో కొంత పక్క సిలిండర్ పీల్చుకోవడం వల్ల తేడాలొస్తాయి. ఒక్లహోమా రాష్ట్రంలోని ఏడా పట్టణానికి చెందిన గామీ సంస్థ 1990లలో ఒక్కో సిలిండర్‌కు వేర్వేరు పరిమాణపు నాజిళ్లు అమర్చి ఈ తేడాను తగ్గించింది. మొదట శిఖరం చేరిన సిలిండర్‌కూ చివర చేరినదానికీ మధ్య ఇంధన ప్రవాహంలో తేడా గంటకు అర గాలన్ లోపు ఉంటే ఇంజిన్ పలుచనివైపు నున్నగా నడుస్తుందన్నది ఆ కృషి నుంచి వచ్చిన కొలమానం. ప్రతి సిలిండర్‌కూ విడి సెన్సర్ ఉన్న ఎలక్ట్రానిక్ మానిటర్లు చౌకబడటం దీనికి తోడైంది.

6. డిటోనేషన్

నిప్పురవ్వ నుంచి మంట క్రమంగా వ్యాపించడం సాధారణ దహనం. మంట ఇంకా చేరని మూలలోని మిశ్రమం వేడికి, పీడనానికి తట్టుకోలేక ఒక్కసారిగా తనంతట తానే మండటం డిటోనేషన్. పిస్టన్ అంచులు కరగడం, రింగులు విరగడం దీని ఫలితాలు. నిప్పురవ్వకు ముందే ఏదైనా ఎర్రగా కాలిన బిందువు మిశ్రమాన్ని అంటించడం వేరే విషయం. దానిని ముందస్తు జ్వలన అనాలి. రెండింటినీ ఒకటిగా చెప్పే పాఠ్యగ్రంథాలు ఉన్నాయి, కానీ వాటి కారణాలు వేరు. ఒకటి రెండోదానికి దారితీయగలదన్నది మాత్రం నిజం. విమానంలో ప్రొపెల్లర్ రొద వల్ల కారులోలాగా టకటక శబ్దం వినిపించదు. పైలట్‌కు తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

అధిక శక్తి, అధిక సిలిండర్ ఉష్ణోగ్రత, గరిష్ఠ వేగంతో కాలే మిశ్రమం మూడూ ఒకేచోట కలిసినప్పుడు డిటోనేషన్ దగ్గరపడుతుంది. కనుకనే 75 శాతానికి మించిన శక్తి వద్ద మిశ్రమాన్ని పలుచన చేయవద్దని చాలా చోదకగ్రంథాలు ఆదేశిస్తాయి. శక్తి 60 నుంచి 65 శాతానికి దిగితే మీటను ఎక్కడ ఉంచినా సిలిండర్‌కు హాని చేసేంత పీడనం ఏర్పడదని పలుచనివైపు నడపడాన్ని బోధించేవారు అంటారు. భౌతికశాస్త్రం వారి పక్షానే ఉంది. అయితే నిర్దిష్ట విమానానికి నిర్దిష్ట గ్రంథం ఏం చెబుతుందన్నదే చట్టరీత్యా పైలట్‌కు ప్రమాణం.

7. వేడి, ఎత్తు, టేకాఫ్

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ విమానాశ్రయం 9,934 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ ప్రామాణిక వాతావరణంలోనే సాధారణ ఇంజిన్ తన సముద్రమట్టపు శక్తిలో సుమారు 70 శాతం ఇస్తుంది. వేసవిలో అంతకన్నా తక్కువే. మైదానంలో నేర్చుకున్న అలవాటు ప్రకారం ఎర్రమీటను పూర్తిగా నెట్టి పరుగు మొదలుపెట్టిన పైలట్, ఆ 70 శాతంలో కూడా కొంత చేజేతులా పోగొట్టుకుంటాడు. ఎత్తైన చోట నిలిచిన విమానంలోనే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, వేగం గరిష్ఠమయ్యేవరకు మిశ్రమాన్ని సరిచేసి బయలుదేరాలి. ల్యాండింగ్‌కు ముందు 'పూర్తిగా చిక్కన' అన్న పాఠం కూడా అక్కడ చెల్లదు. దిగలేక మళ్లీ పైకి లేవవలసి వచ్చిన క్షణంలో ఇంజిన్ ఇంధనంతో ఉక్కిరిబిక్కిరవుతుంది.

విమానచోదన శిక్షణ ఏళ్లుగా సాగుతున్న హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం ఎత్తు 1,742 అడుగులే. కానీ వేసవి మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక వాతావరణంలో 5,000 అడుగులకు పైన ఉండే సాంద్రతకు సమానం. దీనినే సాంద్రతా ఎత్తు అంటారు. 180 అశ్వశక్తి ఇంజిన్ అప్పుడు 150 ప్రాంతంలో ఇస్తుంది. కార్బ్యురేటర్ ఉంటే మిశ్రమం 8 శాతం చిక్కబడి ఉంటుంది.

అక్కడ మిశ్రమాన్ని పలుచన చేసి బయలుదేరవచ్చా అన్నదానికి ప్రామాణిక పత్రాలు ఒకే మాట చెప్పవు. సెస్నా 172ఎస్ చోదకగ్రంథం 3,000 అడుగుల పీడన ఎత్తుకు పైన ఉన్న విమానాశ్రయాల్లో మాత్రమే టేకాఫ్‌కు ముందు పలుచన చేయమంటుంది. పీడన ఎత్తు లెక్కలో ఉష్ణోగ్రతకు చోటులేదు కనుక బేగంపేట ఆ పరిధిలోకి రాదు. లైకమింగ్ సూచనాపత్రమేమో 5,000 అడుగుల సాంద్రతా ఎత్తు దాటినా, వేడి ఎక్కువగా ఉన్నా పూర్తి చిక్కదనం వద్ద ఇంజిన్ గరుకుగా నడవవచ్చని, నున్నబడేవరకు సరిచేయవచ్చని అంటుంది. ఈ రెంటి మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. ఎత్తు వల్ల గాలి పలుచబడినప్పుడు లోపలికి వచ్చే గాలి చల్లగానే ఉంటుంది. వేడి వల్ల పలుచబడినప్పుడు శక్తి తగ్గినా, లోపలికి వచ్చే గాలి వేడిగా ఉండి డిటోనేషన్‌ను దగ్గర చేస్తుంది. సిలిండర్లను చల్లబరిచే గాలి కూడా వేడిదే. అందుకే వేడిని నమ్ముకొని పలుచన చేయడంలో విమాన తయారీదారు వెనకాడటం సబబే. ఇంజిన్ నిజంగా గరుకుగా నడిస్తే, అది నున్నబడేంత మేరకే, గరిష్ఠ శక్తి స్థానానికి చిక్కనివైపే ఆగడం రెండో పత్రం ఉద్దేశంగా కనిపిస్తుంది.

నేల మీద నడిచేటప్పుడు మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం ఉండనక్కరలేదు. తక్కువ వేగంతో, చిక్కని మిశ్రమంతో తిరిగే ఇంజిన్‌లో ఇంధనంలోని సీసం స్పార్క్ ప్లగ్గుల మీద గుళికలుగా పేరుకుంటుంది. కనుక నేల మీద బాగా పలుచన చేయాలి, అదీ సగంసగం కాకుండా. కొద్దిగా పలుచన చేసి మరిచిపోతే ఇంజిన్ టేకాఫ్ శక్తిని దాదాపుగా ఇస్తూనే డిటోనేషన్ అంచున నడుస్తుంది. బాగా పలుచన చేసి మరిచిపోతే థ్రాటిల్ తెరవగానే ఇంజిన్ తడబడి పొరపాటును అక్కడికక్కడే బయటపెడుతుంది.

8. సీసం, ఒంటిమీట

ఈ ఇంజిన్లు వాడే ఇంధనం 100ఎల్ఎల్ అనే నీలిరంగు పెట్రోలు. పేరులో 'తక్కువ సీసం' అన్న అర్థమున్నా లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. డిటోనేషన్‌ను అడ్డుకోవడానికే టెట్రాఇథైల్ లెడ్‌ను కలుపుతారు. కార్ల పెట్రోలు నుంచి సీసం తొలగిపోయి చాలా కాలమైనా, విమానాల్లో అది నిలిచిపోవడానికి కారణం మిశ్రమం, జ్వలన, సంపీడనం మూడూ ఆ ఇంధనం చుట్టూ స్థిరపడిపోవడమే. 2022 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ తన విమానాశ్రయాల్లో ఆ ఇంధనం అమ్మకాన్ని ఆపివేసింది. అదే ఏడాది సెప్టెంబరులో గామీ రూపొందించిన సీసరహిత ఇంధనానికి అమెరికా పౌర విమానయాన సంస్థ ఆమోదం లభించింది. 2030 చివరికల్లా సీసాన్ని తొలగించడం అక్కడి ప్రభుత్వ, పరిశ్రమల ఉమ్మడి లక్ష్యం.

మరోవైపు ఎర్రమీటే లేని ఇంజిన్లు వచ్చాయి. ఆస్ట్రియా సంస్థ రోటాక్స్ 912 శ్రేణిలోని కార్బ్యురేటర్లు ఎత్తుకు తగినట్లు మిశ్రమాన్ని చాలావరకు తామే సర్దుకుంటాయి. దాని ఇంజెక్షన్ రూపంలో ఎలక్ట్రానిక్ నియంత్రకం ఆ పని చేస్తుంది. జెట్ ఇంధనంతో నడిచే చిన్న డీజిల్ ఇంజిన్లలో పైలట్ చేతికి ఒకే మీట మిగిలింది. అతను కోరేది శక్తి శాతం మాత్రమే. అయినా ఇప్పటికే ఎగురుతున్న వేలాది సెస్నా, పైపర్ విమానాలకు కొత్త ఇంజిన్ అమర్చడం, దానికి అనుమతులు పొందడం చాలా సందర్భాల్లో ఆ విమానం విలువనే మించే ఖర్చు. కాబట్టి వాటి పైలట్లు ఎర్రమీటను చేతితో సరిచేస్తూనే ఉంటారు, ట్యాంకులో సీసం ఉన్నా లేకపోయినా.